పొక్కుల లెక్క

తెల్ల ప్యాంటుతో గోధుమ మళ్ళలో దిగొద్దని
మొదటిరోజే చెప్పాడు బెదాసా.
వినలేదు. మధ్యాహ్నానికి
మోకాళ్ళదాకా ఇటుక పొడి.
మన్ను కాదది, తుప్పు తెగులు.
రేణువు రేణువుకీ ఆకలి.

అర్సీ ఎత్తుల్లో పదిగంటలైనా మంచు వదలదు.
తడి ఆరని ఆకంటే దానికి తెరిచిన తలుపు.
గాజింట్లో నారు తట్టల ముందు వంగి
మెడలో భూతద్దం, చెవిమీద పెన్సిలు,
పొక్కు సైజుని బట్టి అంకె వేయడం నా పని.
నాలుగంటే ఆకు తోలు చిట్లి
లోపలి ఎరుపు బయటికి కక్కడం.
సున్నా అంటే
ఏమీ కాలేదనుకునేదాన్ని.

"మళ్ళీ చూడు ఎబిసే," అన్నాడు.
సూదిమొనంత పాలిపోయిన చుక్క.
తెగులు కాలుమోపిన చోట
ఆ ఒక్క కణమూ తనంతట తాను చచ్చిపోయింది.
వచ్చినదానికి ప్రాణమున్న ముద్ద కావాలి,
శవం ముట్టదు.
చుట్టూ ఆకంతా పచ్చగా, ఎరగనట్టు.

ఈ చావు నేర్పిందెవరు దీనికి?

మా అమ్మమ్మ ఉర్గే చేను
చూస్తే నవ్వొచ్చేది:
ఒకటి భుజం దాకా, ఒకటి మోకాలి దాకా,
నల్ల మీసాలవీ బోడివీ కలగాపులగం,
గాలొస్తే సగం పడుకునేవి.
ఆఫీసువాళ్ళు కొత్త విత్తనం ఇస్తే
తీసుకుని, దండం పెట్టి,
గట్టు పక్కన మాత్రం పాతదే చల్లేది.
"ఇది రొట్టెకి కాదే, చెడ్డ ఏడాదికి."

తలగుడ్డ కొంగున ముడేసి గుప్పెడు తెచ్చాను.
రిజిస్టరులో ఆవిడ పేరుకి గడి లేదు,
ఓ నంబరిచ్చారు.
ముక్కాలిపీట మీద కూర్చుని
పొట్టి రకం వెన్నులో పువ్వు పువ్వుకీ
మూడేసి కేసరాలు పట్టకారుతో లాగేసి
కాగితం సంచి తొడిగాను.
మూడోరోజు మీసాలవాటి పుప్పొడి దులిపాను.
అలా మా అమ్మమ్మ గోధుమ
తండ్రయింది.

తొలి సంతానమంతా సున్నా.
నేను గంతేశాను.
"ఆగు, వీటి పిల్లల్ని చూడు."
పిల్లలు మూడువందల నాలుగు.
నిలిచినవి రెండువందల ఇరవైతొమ్మిది,
ఎర్రబడినవి డెబ్బైఐదు.
మూడుకి ఒకటి. ఒకే ఒక్క జన్యువు,
బలమైంది, తాళంకప్ప లాంటిది.
మా ఇంట్లోనూ మేం నలుగురం పుట్టాం,
ఒక తమ్ముడు లేడు.
వేళ్ళు మడిచి లెక్క కట్టబోయి ఆపేశాను.
మనుషులది గింజల లెక్క కాదు.

సున్నాలన్నీ ఉంచాను.
రెండు, మూడు వేసినవాటిని
వేళ్ళతో సహా పీకి పేడకుప్పలో పారేశాను.
శుభ్రంగా పనిచేస్తానని పేరొచ్చింది నాకు.

ఆరో ఏడు గాలి మారింది.
అదే తుప్పు, చేతిలో కొత్త తాళంచెవి.
మేమిచ్చిన రకం, ఎకరాలకెకరాలు,
వారంలో ఇటుక రంగు.
రైతులు నన్ను తిట్టలేదు,
అదే భరించలేకపోయాను.

ఉర్గే గట్టు పక్కన చూద్దును కదా
అక్కడా పొక్కులు.
చిన్నవి. దూరదూరంగా, ఆలస్యంగా.
కాండం ఎక్కే తెగులు
ప్రతి కణుపు దగ్గరా కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది.
అది పైకి చేరేలోగా
గింజ పాలు తాగి గట్టిపడింది.
కొన్ని నొక్కులు పోయాయి. తాలు పోగా నాలుగు బస్తాలు.

ఇది ఒక్క జన్యువు పని కాదన్నాడు బెదాసా.
నాలుగో, ఏడో, తెలీదు,
ఏ ఒక్కటీ తెగుల్ని ఆపలేదు,
అన్నీ కలిసి దాని కాళ్ళకి అడ్డం పడతాయి.
అవి నారు వయసులో కనబడవు.
రెండాకుల పిల్లకి నేను మూడు వేసి
పీకేసింది వాటినే.

కొంగు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.
ఆవిడకిప్పుడు చూపు సరిగా ఆనదు.
వేళ్ళతో చేట తడుముకుంటూ పోసింది,
"జల్లించకు," అంది,
"నీకు నచ్చనిది కూడా తీసుకుపో."

కాగితం మార్చాం. అంకెల గళ్ళు కొట్టేసి
రోజుల గళ్ళు గీశాను.
నాలుగు రోజులకోసారి మడికెళ్ళి
నూటికెంత ఎర్రబడిందో రాస్తాను, పాత ప్యాంటుతోనే.
సాయంత్రం కాఫీ గింజలు వేయిస్తూ
అమ్మమ్మ అడుగుతుంది,
జ్వరం ఉన్న పిల్ల గురించి అడిగినట్టు:
"ఇవాళ ఎంత?"
"ఇరవై."
"మొన్న?"
"పద్దెనిమిది."
మంట కాస్త తగ్గించి
గింజల్ని తిరగేస్తుంది.